సూచన గారికి శాలువా

వారపు వాతావరణ సూచన గారి దివ్య సముఖానికి,

అనంతపురం జిల్లాలో తారు రోడ్డు అయిపోయిన చోటి నుంచి ఇంకో రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఊరి తరఫున రాస్తున్నాను. ఈ ఏడు మా ఊళ్ళో ఎవరికైనా సన్మానం చెయ్యాలని రచ్చకట్ట మీద మాట వచ్చింది. ఒకరు సర్పంచు పేరు చెప్పారు, ఒకరు లైన్‌మన్ పేరు చెప్పారు. నేను మీ పేరు చెప్పాను. ఒక్కరూ కాదనలేదు, నవ్వారంతే. నవ్వితే ఒప్పుకున్నట్టే లెక్క గట్టి, సన్మాన పత్రం రాసే పని నా నెత్తిన వేసుకున్నాను.

మీరు మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి మా ఫోన్లలోకి వేంచేస్తారు. మిమ్మల్ని పంపేది ఎవరో పేరు రాయను. పేరు రాస్తే ఇది సన్మాన పత్రం కాదు, అర్జీ అవుతుంది. అర్జీలు రాసి రాసి మా ఊరికి చెయ్యి నొప్పి పుట్టింది. నైరుతి రుతుపవనం జూన్ 1కి కేరళ చేరాలని లెక్క. అది ఒక ఏడు ముందొస్తుంది, ఒక ఏడు వెనకొస్తుంది, దారిలో ఎక్కడో కూచుని చుట్ట కాల్చుకుని మరీ వస్తుంది. మీకు ఆ చపలత్వం లేదు. వాన తప్పినా మీరు తప్పరు.

సన్మాన పత్రంలో ముందు వంశం చెప్పాలి. మీ వంశం చిన్నదా! 1864లో కలకత్తాను తుపాను ముంచింది. 1866లో, 1871లో వానలు ఎగ్గొట్టాయి. ఆకాశాన్ని దాని మానాన వదిలేస్తే లాభం లేదని తెల్లదొరలు 1875లో వాతావరణ శాఖను పెట్టారు. దాని మొదటి పెద్ద బ్లాన్‌ఫర్డ్ దొర హిమాలయాల మీద మంచు ఎంత పడిందో చూసి, వానాకాలం ఎట్లా ఉండబోతుందో 1886లో చెప్పాడు. మంచు ఎక్కడ, మా ఎర్రనేల ఎక్కడ! అంత దూరపు చూపు మీ వంశంలో అప్పటి నుంచీ ఉంది. దగ్గరి చూపు సంగతి సన్మాన సభలో ఎందుకులెండి.

ఇక మీ గుణాలు. మొదటిది సత్యం. హరిశ్చంద్రుడు ఆడిన మాట కోసం ఆలిని అమ్ముకున్నాడు, కాటికాపరి అయ్యాడు. పాపం, ఆయనకు ‘అవకాశం ఉంది’ అనే మాట తెలీదు. ‘మహర్షీ, తమకు రాజ్యం ఇచ్చే అవకాశం ఉంది’ అని ఉంటే విశ్వామిత్రుడు ఏం చెయ్యగలిగేవాడు? రాజ్యమూ నిలిచేది, సత్యమూ నిలిచేది.

‘తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు ఒకటి రెండు చోట్ల కురిసే అవకాశం ఉంది.’ మీరు మాకు ప్రసాదించిన ఈ వాక్యాన్ని చాలా రోజులు మామూలు వాక్యమే అనుకున్నాను. చదవగా చదవగా లోతు తెలిసింది. లెక్క ప్రకారం 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే తేలికపాటి, 15.6 నుంచి 64.4 దాకా పడితే మోస్తరు. అంటే ఆ ఒక్క మాటలో రెండున్నరా ఉంది, అరవై నాలుగూ ఉంది. మొదటిది పడితే వాకిట్లో దుమ్ము అణుగుతుంది. రెండోది పడితే కుంట కట్ట మీద లాంతరు పెట్టుకుని కాపలా పడుకోవాలి. మాకు ఏది కావాలంటే అది అందులోంచి ఏరుకోవచ్చు. ఇంత ఉదారంగా మాట ఇచ్చేవాళ్ళు ఎన్నికల్లో కూడా తక్కువ.

‘ఒకటి రెండు చోట్ల’ అన్నది ఇంకా గొప్పది. నూరు కొలత కేంద్రాలుంటే ఇరవై ఐదింటి దాకా వాన పడినా ఆ మాటే, మిగతా డెబ్బై ఐదూ ఎండినా ఆ మాటే. ప్రహ్లాదుణ్ణి వాళ్ళ నాయన స్తంభం చూపించి అడిగినట్టు, మా చిన్నాయన ప్రతి మంగళవారం సాయంత్రం తన సేను వైపు చెయ్యి చాపి అడుగుతాడు.

“ఒకటి రెండు చోట్ల అన్నాడు కదరా, ఆ ఒకటి మనదేనా?”

“కాదు చిన్నాయనా.”

“పోనీ, రెండోది?”

రెండోదీ కాదు. అయినా చిన్నాయన స్తంభం పగలగొట్టడు. తువ్వాలు దులుపుకుని ఇంటికి పోతాడు.

మీ చూపు గురించి కూడా నాలుగు మాటలు. ఆకాశాన్ని మీరు గళ్ళు గళ్ళుగా కోసి చూస్తారట. నిన్నమొన్నటి దాకా ఒక్కో గడి 12 కిలోమీటర్లు. 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని కొత్తది తెచ్చి, దాన్ని 6 కిలోమీటర్లకు దించారు. చాలా గొప్ప సంగతి, వెటకారం కాదు. ఆరుకి ఆరు ముప్ఫై ఆరు చదరపు కిలోమీటర్లు, దాదాపు 8,900 ఎకరాలు. నాకున్నది నాలుగెకరాలు. ఇట్లానే సగానికి సగం చేసుకుంటూ ఇంకో ఐదారు మెట్లు దిగితే మీరు నా సేను గట్టు మీదికి వచ్చేస్తారు. అప్పటికి నేనుండను గానీ, గట్టు ఉంటుంది. వేపచెట్టు నీడలో కూచోండి.

పోయినేడు పునర్వసు కార్తెలో మీ మహిమ నాకు కళ్ళారా కనిపించింది. ఒక రోజు జల్లు పడి సగం పదును అయింది. మా నేల సంగతి మీకు తెలియనిది కాదు. పదునులో విత్తు పడితే వారం తిరిగేసరికి నేల నెర్రె విప్పుతుంది, సగం పదునులో పడితే విత్తుకు ప్రాణసంకటం. వెయ్యనా వద్దా అని నేను ఊగుతుంటే, ఫోన్లో మీరు ప్రత్యక్షమయ్యారు. రాబోయే మూడు రోజులు మోస్తరు వర్షాలు, కొన్ని చోట్ల. ‘ఒకటి రెండు’ కూడా కాదు, ‘కొన్ని’! అంటే సగం చోట్ల దాకా పడొచ్చు. మీరు ఇంత చనువుగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. తెల్లారుజామున గొర్రు కట్టాం. ఇంట్లో అందరం, ఇద్దరు కూలీలు, బాడుగ ఎద్దులు. సాయంత్రానికి నాలుగెకరాల శెనక్కాయ విత్తనం నేలలో ఉంది.

ఎనిమిదో రోజు సాలులో వేలు పెట్టి తవ్వి చూశాను. విత్తు ఉబ్బింది. పొర చిట్లింది. లోపలి నుంచి తెల్లటి మొలక ముక్కు బయట పెట్టింది, బియ్యపు గింజంత. దాని కొస మాడి, దారప్పోగులా గోధుమరంగులో వంకర తిరిగి ఉంది. వేలితో ముడితే రాలిపోయింది. ఇంకో సాలు తవ్వాను, ఇంకోటి. నాలుగో దాని దగ్గర ఆపేశాను.

మీ మాట మాత్రం తప్పలేదు సుమా. ఆ మూడు రోజుల్లో వాన పడింది. మా మండలంలోనే, ఏడు కిలోమీటర్ల అవతల, వంక పారేటంత పడింది. అక్కడివాళ్ళకు విత్తడానికి పదును ఎక్కువైందని మూడు రోజులు ఆగారట. తొందరపడింది నా విత్తనం.

ఈ సందర్భంలో మీ చుట్టం, మండల కేంద్రంలో ఉండే వానమాపకం గారిని కూడా స్మరించుకోకపోతే అపచారం. మా చిన్నాయన మనవరాలు ఎనిమిదో తరగతి. బడిలో సైన్సు పాఠం విని, గోడలు నిట్టనిలువుగా ఉన్న బిస్కెట్ల డబ్బా ఒకటి సంపాదించి మిద్దె మీద పెట్టింది, గాలికి పడకుండా చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూసి నోట్‌బుక్కులో రాస్తుంది. దేశంలో వాన రోజు తెగేది ఎనిమిదిన్నరకే అని వాళ్ళ టీచరు చెప్పిందట. ఆ పునర్వసులో, మండల కేంద్రంలో 31 మిల్లీమీటర్లు పడిందన్న రోజున, ఆ నోట్‌బుక్కులో సున్నా ఉంది. సున్నా పక్కన బ్రాకెట్లో ‘చీమ’ అని కూడా రాసుంది. డబ్బాలో ఆ పొద్దు కనిపించింది అదొక్కటేనట.

ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఉంది. 2016 నుంచి కొత్త రూపంలో నడుస్తున్న వాతావరణ ఆధారిత పంటల బీమాలో ఎవరి సేను ఎండిందో వచ్చి చూసే బాధ ఎవరికీ పెట్టలేదు. ఎంచిన కేంద్రంలో ఎంత వాన నమోదైందో చూస్తారు, దాన్ని బట్టి ఎవరికి పరిహారమో తేలుస్తారు. మనుషులు పక్షపాతం చూపిస్తారు గానీ గొట్టం చూపించదు కదా! కాబట్టి నా సేను ఎండింది గానీ, కాగితం మీద తడిసింది. 31 మిల్లీమీటర్ల మేర తడిసింది. భగీరథుడు అంత తపస్సు చేసి గంగను దించితే అది నిజంగా నేల మీద పడాల్సి వచ్చింది, ముందు శివుడి జటాజూటం ఒకటి వెతుక్కోవాల్సి వచ్చింది. మీ చుట్టానికి ఆ శ్రమ లేదు. ఒక్క గొట్టంలో నీళ్ళు పడితే చాలు, మండలంలో అన్ని సేలూ కాగితం మీద పచ్చబడతాయి.

పచ్చ అంటే గుర్తొచ్చింది, మీ రంగులు. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు, హాయిగా ఉండమని. వాన ఎక్కువైతే మీ పటంలో మూడు రంగులున్నాయి. వాన అసలు రాకపోతే? హెచ్చరిక లేదు కాబట్టి ఆకుపచ్చే. బెట్ట నలభై రోజులు సాగి, ఊడలు దిగే వేళకు తేమ లేక, సేను పండుటాకులా పసుపెక్కుతుంటే మీ పటంలో మా జిల్లా వరిమడిలా నవనవలాడుతూ కనిపిస్తుంది. మా ఆవిడ ఆ పటం ఫోన్లో చూసి, “ఆ ఊరెక్కడో కనుక్కో, అక్కడికే పోదాం” అంది.

మీ హితబోధ కూడా చెప్పాలి. సూచన కింద రైతులకు సలహా అని నాలుగు వాక్యాలుంటాయి. వర్షాలు కురిసే అవకాశం ఉన్నందున పిచికారీ వాయిదా వేసుకోండి. మంచిది. సేలో నీరు నిలవకుండా మురుగు కాలువలు తీసుకోండి. ఏడాదికి ఐదు వందల యాభై మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే జిల్లాలో, పడమటి కనుమలు నైరుతిని వడకట్టేసి, ఈశాన్యం తీరం దాటొచ్చేసరికి అలిసిపోయే చోట, మురుగు కాలువలు! ఈ మాట మాకు చెప్పడానికి ఎంత ఆశావాది అయి ఉండాలి. మా చిన్నాయన గడ్డపార తీసుకుని పోయి నిజంగానే ఒక కాలువ తీశాడు. ఎందుకని అడిగితే, “వాళ్ళు అంతగా చెప్పినారు, వాన సిగ్గుపడైనా వస్తాదేమో” అన్నాడు. ఆ కాలువలో ఇప్పుడు మా కోళ్ళు పొర్లాడుతున్నాయి.

అన్నిటి కంటే నాకిష్టమైనది చివరి వాక్యం. ‘రైతులు తగిన జాగ్రత్తలు తీసుకోవాలి.’ ఏది తగినదో చెప్పి మమ్మల్ని చిన్నబుచ్చరు. వాన వచ్చి చెడితే జాగ్రత్త పడనందుకు మాది తప్పు, రాక చెడితే అతిజాగ్రత్త పడినందుకు మాది తప్పు. మా బాధ్యత మాకే వదిలేసే ఇంత మర్యాద అల్లుళ్ళకు కూడా ఎవరూ చెయ్యరు.

మళ్ళీ విత్తుకున్న పంట పెరికే కాలంలో మీరు చేసిన మేలు ఒక్క ముక్కలో చెప్తాను. పొడి వాతావరణం అన్నారు. పెరికాం. పెరికిన శెనక్కాయ కట్టె మీద రెండు రాత్రులు వాన పడింది. నల్లబడి బూజు పట్టిన కట్టెను ఎద్దులు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. మీ మాట ఎద్దులకు తెలీదు కదా, మీకెందుకు కోపం.

‘సాధారణ వర్షపాతం’ అనే బిరుదు మీరు మా జిల్లాకు ఇస్తుంటారు. మామూలుగా పడాల్సినదాని కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా సాధారణమే. నలభై రోజులు చుక్క రాలదు. నలభై ఒకటో రాత్రి ఆకాశం చిల్లుపడినట్టు కురిసి గట్లు తెంచుకుపోతుంది. తీసివేసి కూడితే సాధారణం. ఒక కాలు నిప్పుల మీద, ఒక కాలు మంచుగడ్డ మీద పెట్టుకున్నవాడి ఒంటి వేడి సగటున బాగానే ఉంటుంది. జ్వరం లేదని డాక్టరు కూడా అంటాడు.

ఇక్కడ ఒక్క మాట, పత్రం పక్కన పెట్టి చెప్తున్నాను. సముద్రం మీద మీరు మొనగాళ్ళే. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టి వేల మందిని మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని మీరు రోజుల ముందే చెప్పారు, జనాన్ని ముందే తరలించారు. ఎన్ని ప్రాణాలు నిలిచాయో మీకే తెలుసు. తుపాను వందల కిలోమీటర్ల మనిషి, నాలుగైదు రోజులు నడిచి వస్తుంది, ఆకాశం నుంచి చూస్తే కనపడుతుంది. మా మీదికొచ్చే ఉరుముల మోడం నాలుగైదు కిలోమీటర్ల పిల్లగాడు, మధ్యాహ్నం పుట్టి సాయంత్రానికి పోతాడు. వాడి జాతకం రాయడం కష్టమే, కాదనను. కష్టమని ఆ సూచన కింద ఒక్క ముక్క రాస్తే నేను ఆ తెల్లారుజామున గొర్రు కట్టేవాణ్ణి కాదు. అంతే నా బాధ. ఇక తుపాను అంటారా, మా దాకా దాని తోకే వస్తుంది. ఊళ్ళో అందరం ఆ తోక కోసమే చూస్తుంటాం. పత్రం మళ్ళీ చేతిలోకి తీసుకుంటున్నాను.

మీకు ముందు మా ఊళ్ళో ఈ పని ఎవరు చేసేవాళ్ళు? ఉగాది నాడు గుళ్ళో అయ్యవారు పంచాంగం విప్పి, ఈ ఏడు వానలో సముద్రానికి ఇన్ని భాగాలు, కొండలకు ఇన్ని, భూమికి ఇన్ని అని పంచేవాడు. మాకు ఎప్పుడూ సముద్రం వాటా ఎక్కువ వచ్చినట్టే ఉండేది. చంద్రుడి చుట్టూ గుడి కడితే మా అవ్వ వాకిట్లోంచి చూసి దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన అనేది. తూనీగలు నేలబారున ఎగిరితే, చీమలు గుడ్లు మోసుకుపోతే సంబరపడేవాళ్ళం. ఏదీ కుదరకపోతే పిల్లలు కప్పతల్లిని రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించుకునేవాళ్ళు. వీళ్ళందరి మాటా సగం సార్లు తప్పేది. తప్పితే అయ్యవారిని అడిగేవాళ్ళం, అవ్వను ఆటపట్టించేవాళ్ళం. అయ్యవారు తలొంచుకుని నవ్వేవాడు. అవ్వ తిట్టేది. మిమ్మల్ని ఎక్కడ అడగాలి? మీరొచ్చిన నంబరుకు తిరిగి ఫోను చేస్తే ఆ నంబరు పనిచెయ్యదని ఒక అమ్మాయి చాలా మర్యాదగా చెబుతుంది.

కాబట్టి సన్మానానికి తేదీ మీరే చెప్పండి. మామిడాకులు, కుర్చీలు, మైకు మా బాధ్యత. ఒక్కటే మనవి. ‘ఈ వారంలో ఒకటి రెండు చోట్ల విచ్చేసే అవకాశం ఉంది’ అని మాత్రం రాయకండి. ఊరి పేరు రాయండి, రోజు రాయండి. రాలేకపోతే రాలేమని రాయండి, ఏమీ అనుకోం. శాలువా ఇంకా కొనలేదు. మీ జవాబు వచ్చేదాకా ఆ డబ్బు దాచి, అసలు వానమాపకం ఒకటి తెప్పించి బడి ఆవరణలో నాటిద్దామని మనవరాలు పోరుతోంది. మీ అనుమతి కావాలా అని అడిగింది. అక్కర్లేదనుకుంటా అన్నాను.

మొన్న మంగళవారం మీరు బుధ, గురువారాల్లో తేలికపాటి నుంచి మోస్తరు అన్నారు. బుధవారం పొద్దుగూకేసరికి పడమట మోడం పట్టింది. గాలి లేచింది, రెండు మెరుపులు మెరిశాయి, మిద్దె మీద టపటపా చప్పుడైంది. చిన్నాయన మంచం బయటే ఉంచుకుని, తడవనీ అని పడుకున్నాడు. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు అందరం మిద్దె మీదికెక్కాం. మనవరాలు స్కేలు ముంచి తీసి వెలుతురుకు పట్టి చూసింది. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే లెక్కలో అది వాన పడిన రోజు.

డబ్బాలో రెండు మిల్లీమీటర్లున్నాయి.